కోయని ఊపిరి

ఆ వానాకాలమంతా నేను మా పెద్దమ్మ ఊపిరి కోశాను. అదే నా ఉద్యోగం.

వినడానికి ఘోరంగా ఉంటుంది కానీ చూస్తే చాలా చిన్న పని. రేడియో స్టూడియోలో వెనక గది, ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు. నటులు మాట్లాడింది తెరమీద గీతలా సాగుతుంది. మాట ఉన్నచోట ఆ గీత కొండలా లేస్తుంది. మాటకు ముందు గడ్డిపరక వంగినట్టు ఒక చిన్న వంపు కనపడుతుంది. అది ఊపిరి. మనుషుల పాత్రలకైతే దాన్ని వదిలేస్తాం. తోడు పాత్రకు మాత్రం ఒక్కటి కూడా మిగలకూడదు. తోడు యంత్రం కదా.

'తిరుగు గడియారం' అని ఏటా పదమూడు వారాలు, శనివారం సాయంత్రం ఆరింటికి వచ్చే ధారావాహిక అది. నక్షత్రాల మధ్య తిరిగే ఓడలో ఒక పిల్ల, ఆ ఓడను నడిపే యంత్రం. పిల్ల కాలంలో వెనక్కి వెళ్ళొస్తూ ఉంటుంది. యంత్రం పేరు తోడు. దానికి ఆరేళ్ళుగా గొంతు ఇస్తున్నది మా పెద్దమ్మ. ఈ సంగతి బయట ఎవరికీ తెలియదు. ప్రతి భాగం చివరా నటుల పేర్లు చదివేటప్పుడు 'తోడు పాత్రలో తోడు' అని చదివేవారు. ఆ గొంతు ఏదో పరికరంలోంచి పుడుతోందని జనం నమ్మాలని దర్శకుడి పట్టుదల. జనం నమ్మారు కూడా. 'ఆ మిషను ఏ దేశానిది' అని అడుగుతూ ఉత్తరాలు వచ్చేవి. పెద్దమ్మ వాటిని చదివి మడిచి, వంటింటి డబ్బాల వెనక దాచుకునేది.

నన్ను ఆ పనిలో పెట్టించింది పెద్దమ్మే. మా ఊరి బడిలో ఐదు తరగతులకూ ఒకటే గది, ఒకరే పంతులమ్మ. ఐదు పాఠాలు ఒకేసారి వినపడుతుంటే వాటిలోంచి నా పాఠాన్ని ఏరుకుని వినడం ఆరేళ్ళ వయసులోనే అలవాటైంది. మాట్లాడటం మాత్రం ఎందుకో అంతగా పట్టుబడలేదు. స్టూడియోలో ఇంజనీరన్న నాకు 'కత్తెర' అని పేరు పెట్టాడు. పిలిస్తే పలికేదాన్ని. పిలవకపోతే నేనున్నట్టు కూడా తెలిసేది కాదు.

ఎండలు తగ్గేవేళ పెద్దమ్మకు నెమ్ము చేసింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది. గొంతు మునుపటిలానే ఉంది, ఇస్త్రీ చేసిన గుడ్డలా ఒక్క మడత లేకుండా. ఊపిరి మాత్రం పొట్టిదైపోయింది. ఒక్క గుక్కలో చెప్పే వాక్యానికి మూడుసార్లు ఆగాల్సి వచ్చేది. ఆగిన ప్రతిసారీ ఊపిరి చివర సన్నగా ఈల లాంటి చప్పుడు. మునుపు ఒక భాగానికి పది ఊపిర్లు కోసేదాన్ని. ఆ వానాకాలం మొదటి భాగానికి అరవై నాలుగు కోశాను.

దర్శకుడు నా వెనక నిలబడి తెరవంక చూశాడు. చెడ్డమనిషి కాదు. అన్నిటికీ గడువులున్న మనిషి.

"ఎన్ని గంటలు పట్టింది కత్తెరా?"

"నాలుగు, సార్."

"ఇదివరకు గంటలో అయ్యేది." కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మీ పెద్దమ్మంటే నాకు గౌరవం. కానీ ఒక్క ఊపిరి బయటికి వినపడినా ఆరేళ్ళ నమ్మకం పోతుంది. అలా వినపడిన రోజున కంప్యూటర్ గొంతు పెట్టేస్తాను. ఇది నీకే చెబుతున్నా, ఆవిడకు చెప్పకు."

చెప్పలేదు. కోసిన ఊపిర్లను మాత్రం పారేయబుద్ధి కాలేదు. ఒక పక్కన దాచాను. రెండో భాగంలో పిల్ల చీకట్లో ఒంటరిగా ఉన్నప్పుడు పక్కన ఎవరో ఊపిరి తీసినట్టు వినపడాలని రచయిత రాశాడు, ఊరికే భయపెట్టడానికి. ఇంజనీరన్న తలుపులోంచి తల పెట్టి, "ఓ ఊపిరి ఉంటే అప్పివ్వు కత్తెరా" అన్నాడు. దాచినవాటిలోంచి ఒకటి తీసి ఇచ్చాను.

ఇంట్లో అసలు తమాషా మా పెదనాన్నది. అచ్చాఫీసులో ముప్ఫయ్యేళ్ళు అక్షరాలు పేర్చి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. పేరుకే విశ్రాంతి, నోటికి లేదు. ఆదివారం పదింటికల్లా టైలరు కొట్టు మేడమీద 'తిరుగు గడియారం' అభిమానులు చేరేవారు. అందులో 'యంత్రానికి మనసు లేదు' అనే పక్షానికి నాయకుడు ఆయనే.

"నా చేతి వంట తిని వెళ్ళి నాకు మనసు లేదని చాటింపు వేసొస్తారు" అనేది పెద్దమ్మ.

"నీకు లేదన్నానటోయ్? తోడుకు లేదన్నాను." పెదనాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ జవాబు చెప్పేవాడు. "మనసు ఒక్క రవ్వ కూడా బయటపడకుండా చెబుతావు చూడు, అందుకే వాదించగలుగుతున్నా. అది నీకు పొగడ్త."

"పొగడ్తంటే ఇలా ఉంటుందా? ముప్ఫయ్యేళ్ళుగా తెలియలేదు."

ఆపైన తోడు గొంతు తెచ్చుకుని, "తేనీరు చల్లారుచున్నది. ఇది మూడవ హెచ్చరిక" అనేది. పెదనాన్న కప్పు అందుకుని నిలబడే తాగి మెట్లు దిగేవాడు. ఆయన గొడుగు పట్టుకుని నేను వెనకే వెళ్ళేదాన్ని. అక్కడ నేను ఆయన మరదలి కూతుర్ని మాత్రమే. ఏం పనిచేస్తానో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

తొమ్మిదో భాగం రికార్డు చేసిన రోజు జోరువాన. రేకుల కప్పు మీద మోత తగ్గేదాకా పెద్దమ్మ మైకు ముందు నిలబడే ఉంది. పిల్ల వెనకటి కాలం నుంచి తిరిగొచ్చి, తను లేనప్పుడు ఎంత కాలం గడిచిందని అడుగుతుంది. తోడు చెప్పాల్సింది రెండే ముక్కలు. "నీకు ఒక్క పూట. నాకు నూట పన్నెండేళ్ళు."

పెద్దమ్మ చెప్పింది. రెండు ముక్కల మధ్య ఆగి ఊపిరి తీసుకుంది, చివర ఆ ఈలతో.

మర్నాడు వెనక గదిలో అరవై ఒక్క ఊపిర్లు కోశాను. అరవై రెండోది అదే. కోయడానికి దాని మీద గుర్తు పెట్టాను. విన్నాను. తీసేసి విన్నాను. ఊపిరి లేకపోతే ఆ మాట రైలు వేళలు చెప్పినట్టుంది. మళ్ళీ పెట్టి విన్నాను. గోడ గడియారం చూశాను. ఫైలు మూసి ఇంజనీరన్నకు పంపేశాను.

శనివారం అది ప్రసారమైంది. ఆదివారానికి టైలరు కొట్టు మేడ అట్టుడికిపోతోంది.

టైలరు పెద్దమనిషి. ఎవరి పక్షమూ కాదు. గొడవ ముదిరితే పెద్ద కత్తెరను బల్లమీద టకటక కొట్టి ఆపేవాడు. ఆ రోజు అది మోగుతూనే ఉంది.

"నూట పన్నెండేళ్ళండీ" అంది బస్సులో పనిచేసే కండక్టరమ్మ. ఆదివారం కూడా ఆవిడ గొంతు చివరి సీటు దాకా వినపడేది. "పది నిమిషాలు బస్సు లేటైతే మా ఏడు తరాల్నీ తిడతారు జనం. అది ఒక్క మాట అనలేదు. ఊపిరి తీసుకుంది, అంతే. మనసు లేకపోతే ఎందుకు తీసుకుంటుంది?"

"ఊపిరితిత్తులే లేనిది ఊపిరెలా తీస్తుందమ్మా?" అన్నాడు పెదనాన్న. "మా అచ్చాఫీసులో అక్షరం తలకిందులు పడితే ఎవరూ దాన్ని కవి హృదయం అనలేదు. నా తప్పన్నారు. ఇదీ అంతే. ఎవరో తుడవడం మరిచారు."

నేను గొడుగు చివర కారుతున్న నీటి చుక్కలు చూస్తూ కూర్చున్నాను.

"ఆ ఊపిరి ఆరోగ్యంగా లేదండీ" అన్నాడు మందుల షాపాయన. "చివర ఈల ఉంది. ఛాతీలో నెమ్ముంటే అలా వస్తుంది."

"యంత్రానికి కూడా దగ్గుమందు అమ్మేస్తావా?" అంది కండక్టరమ్మ. అందరూ నవ్వారు.

లెక్కల మాస్టారు మాత్రం నవ్వలేదు. బడి వదిలి పదేళ్ళయినా ఆయన వేళ్ళు సుద్దముక్క కోసం వెతుకుతూ ఉండేవి. టైలరు సుద్ద తీసుకుని బల్లమీదున్న నల్ల లైనింగ్ గుడ్డ మీద రెండు సున్నాలు చుట్టాడు. "ఇది పిల్ల గడియారం. ఇది తోడు గడియారం. కథలో నియమం మరవకండి. వెనక్కి వెళ్ళినవాళ్ళు జరిగినదాన్ని మార్చలేరు. పక్కన ఉండగలరు, అంతే. నూట పన్నెండేళ్ళలో తోడు ఓడలోనే కూర్చుందని మీకెవరు చెప్పారు? అదీ వెనక్కి వెళ్ళి ఉండొచ్చుగా?"

"మార్చలేనప్పుడు ఎందుకు వెళ్తుంది మాస్టారూ?" పెదనాన్న లేచి నిలబడ్డాడు. "పనికిరాని పని మనిషి చేస్తాడు. యంత్రం చేయదు. చేస్తే అది యంత్రమే కాదు."

టైలరు గుడ్డను జాగ్రత్తగా మడిచి అటక మీద పెట్టాడు. ఎవరి కోటుకో పనికి రావాల్సిన గుడ్డ అది.

సోమవారం దర్శకుడు పిలిచాడు. పెద్దమ్మను కూడా.

"ఎవరి తప్పనేది అడగను" అన్నాడు. "పది, పదకొండు భాగాల్లో తోడు మాటల్లేవు. మీరు విశ్రాంతి తీసుకోండమ్మా. పన్నెండు నుంచి ఏర్పాటు వేరే చూస్తున్నాను."

పెద్దమ్మకు అర్థమైంది. "మంచిది బాబూ" అంది. ఇంటికొచ్చి తన పాత్ర కాగితాలన్నీ ఒక పెట్టెలో సర్ది, మూత మీద దుప్పటి పరిచింది. నేను గడపలో నిలబడి, "నేనే వదిలేశాను పెద్దమ్మా. విని కూడా వదిలేశాను" అన్నాను.

దుప్పటి అంచు సరిచేస్తూ, "ఎలా వచ్చింది?" అని అడిగింది.

"బాగా వచ్చింది."

"నాకూ అలాగే అనిపించింది" అంది. అంతే. తిట్టలేదు. కానీ ఆ వారమంతా పెదనాన్న టీ చల్లారిపోయినా ఎవరూ హెచ్చరించలేదు. మూడోరోజున ఆయనే చల్లటి కప్పు తెచ్చి వంటింట్లో పెట్టి, "ఇవాళ ఏ హెచ్చరికా లేదా?" అన్నాడు. పెద్దమ్మ మామూలు గొంతుతో, "వేడి చేసిస్తానుండండి" అంది. ఆయన వచ్చి ముందుగదిలో కూర్చున్నాడు. పేపరు తలకిందులుగా పట్టుకున్నాడని అరగంట దాకా చూసుకోలేదు. అక్షరాలు తలకిందులుగా చదవడం ఆయనకు వృత్తి. అయినా ఆ రోజు చదువుతున్నట్టు లేదు.

తర్వాతి ఆదివారం ఆయన వెళ్ళనన్నాడు. పెద్దమ్మే గొడుగు చేతికిచ్చి పంపింది.

మేము వెళ్ళేసరికి కండక్టరమ్మ ఫోను బల్ల మధ్యలో ఉంది. చుట్టూ అందరూ పెళ్ళిలో ఫొటోకు నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు.

"రండి నాయకుడుగారూ. మీకోసమే ఆగాం" అంది ఆవిడ. "వారమంతా ట్రిప్పు ట్రిప్పుకీ మధ్య అన్ని భాగాలూ మళ్ళీ విన్నాను. మొదటిది తొమ్మిదో భాగం." తోడు గొంతు పలికింది. నీకు ఒక్క పూట. ఊపిరి. నాకు నూట పన్నెండేళ్ళు. "ఇప్పుడు రెండో భాగం. పిల్ల చీకట్లో ఒంటరిగా ఉంటుంది చూడండి." నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో ఊపిరి, చివర సన్నటి ఈల.

ఆ ఊపిరి ఇచ్చింది నేనే.

లెక్కల మాస్టారు అటక మీంచి నల్లగుడ్డ దింపించి పరిచాడు. రెండు సున్నాలూ చెరిగిపోకుండా ఉన్నాయి. ఒకదాని మీంచి ఇంకోదాని దాకా వంకర గీత గీశాడు. "ఒకే ఊపిరి. తొమ్మిదో భాగంలోని తోడు, రెండో భాగంలో పిల్ల పక్కన ఉంది. ఆ నూట పన్నెండేళ్ళలో అది వెనక్కి వెళ్ళింది. లెక్క సరిపోయింది."

"ఏం మార్చడానికి వెళ్ళినట్టు?" అన్నాడు మందుల షాపాయన. పోయిన వారం పెదనాన్న అడిగిన ప్రశ్నే.

"ఏమీ మార్చలేదండీ. చీకట్లో పిల్ల ఒక్కతే ఉందని పక్కన కూర్చుంది" అంది కండక్టరమ్మ. తర్వాత పెదనాన్న వైపు తిరిగింది. "చెప్పండి. మీరు పట్టిన కుందేటికి ఇవాళ ఎన్ని కాళ్ళు?"

పెదనాన్న ఫోను వంక చూస్తున్నాడు. "ఆ రెండోది ఇంకోసారి పెట్టమ్మా" అన్నాడు. పెట్టింది. "ఇంకోసారి." పెట్టింది. మూడోసారి విన్నాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎండాకాలంలో మా ఆవిడ ఆసుపత్రిలో ఉంది" అన్నాడు. ఎప్పుడూ లేనంత నెమ్మదిగా మాట్లాడాడు. "పదకొండు రోజులు మంచం పక్కన కూర్చున్నాను. మందిచ్చేది డాక్టరు, సూది వేసేది నర్సు. నేను చేయగలిగింది ఏమీ లేదు. ఊపిర్లు లెక్కపెట్టాను, అంతే. ఇంటికెళ్ళమని చెప్పినా వెళ్ళలేదు." కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "పనికిరాని పనే. మాస్టారూ, నేను పక్షం మారుతున్నాను. రాసుకోండి."

టైలరు కత్తెర ఎత్తాడు, కొట్టడానికి గొడవేమీ లేదని దించేశాడు. కండక్టరమ్మకు గెలిచానని చెప్పుకోవడం కూడా గుర్తులేదు. "అయితే ఉత్తరం రాద్దాం. మనకు తెలిసిందని వాళ్ళకు తెలియాలిగా" అంది.

ఆ ఉత్తరం రాసింది పెదనాన్నే. మూడు పేజీలు, అచ్చుగుద్దినట్టు అక్షరాలు. మాస్టారి సున్నాలు పక్కన గీశారు. ముప్ఫై నలుగురు సంతకాలు పెట్టారు. చివరి వాక్యం మాత్రం పెదనాన్న ఎవర్నీ అడక్కుండా కలిపాడు. 'ఆ ఊపిరి తీయవద్దని ప్రార్థన. అది తప్పని వాదించినవాణ్ణి నేనే.' సంతకాల వరసలో చివర నాకూ కలం ఇచ్చాడు. నేను తీసుకోలేదు. "నేను అక్కడే పనిచేస్తాను పెదనాన్నా. నా మాట నోటితో చెబుతాను" అన్నాను. ఆయన నావంక చూసిన చూపు, బల్ల మాట్లాడితే చూసినట్టుంది.

మంగళవారం ఉత్తరం స్టూడియోకు చేరింది. దర్శకుడి గదిలో రచయిత దాన్ని పైకి చదువుతున్నాడు. పొట్టిగా, కంగారుగా ఉండే మనిషి. చివరి భాగం ఎలా ముగించాలో తెలియక నెలరోజులుగా గోళ్ళు కొరుక్కుంటున్నాడని స్టూడియోలో అందరికీ తెలుసు. వంకర గీత దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఇది నేను రాయలేదు" అన్నాడు. "కానీ ఇదే కథ. వీళ్ళకు నాకంటే ముందే తెలుసు."

దర్శకుడు నన్ను పిలిపించాడు. "తొమ్మిదో భాగంలో ఊపిరి నువ్వు చూసుకోలేదా కత్తెరా?"

"చూశాను సార్. తీసి విన్నాను, పెట్టి విన్నాను. అది ఉంటేనే ఆ మాట నిజం. అందుకే వదిలేశాను." ఊపిరి తీసుకుని మిగతాది కూడా చెప్పేశాను. "రెండో భాగంలోదీ పెద్దమ్మదే. ఈ ఏడు కోసినవి ఐదు వందల దాకా ఉన్నాయి. అన్నీ దాచాను. కంప్యూటర్ గొంతు పెడితే ఆ రెండు ఊపిర్లకూ యజమాని ఉండడు."

తలుపు దగ్గర ఇంజనీరన్న దగ్గి, "దీనికి మాటలొచ్చాయే" అన్నాడు మెల్లగా.

దర్శకుడు ఉత్తరం మడిచాడు, మళ్ళీ విప్పాడు. "మీ పెద్దమ్మను గురువారం రమ్మను" అన్నాడు. "పన్నెండూ పదమూడూ రెండూ చేద్దాం. ఇక కోయొద్దు."

ఆ సాయంత్రం నేను ఇంటికి వెళ్ళి చెప్పేసరికి పెదనాన్న టీ తాగుతున్నాడు. పెద్దమ్మ విన్నది. పెట్టె మీది దుప్పటి తీసి దులిపింది. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ముందుగదివైపు చూడకుండానే అంది, "తేనీరు చల్లారుచున్నది. ఇది మొదటి హెచ్చరిక." పెదనాన్నకు పొలమారింది.

చివరి భాగం శనివారం మేడమీద అందరం కలిసి వినాలనుకున్నారు. "మా ఆవిణ్ణి కూడా తీసుకొస్తున్నాను" అన్నాడు పెదనాన్న. ఇంకేమీ చెప్పలేదు. పంతొమ్మిది మెట్లు. పెద్దమ్మ రెండుచోట్ల ఆగింది. కండక్టరమ్మ తన కుర్చీ ఇచ్చి, "ఎక్కి వచ్చారు, అదే గొప్ప. అలసట తీర్చుకోండి. ఆరయింది, ఎవరూ మాట్లాడకండి" అని అందర్నీ గదమాయించింది.

రేడియో మొదలైంది. చీకట్లో పిల్ల ఒక్కతే. తోడు ఆమెకు కనపడదు. చెయ్యి పట్టుకోలేదు, ఏదీ మార్చలేదు. పిల్ల నిద్రపోయేదాకా పక్కనే ఊపిరి తీస్తూ ఉంటుంది. మూడు నిమిషాలు మాటల్లేవు, ఊపిర్లే. అవి నేను దాచినవాటిలోంచి ఏరి, ఒకటొకటీ పేర్చినవి. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. మందుల షాపాయన ముక్కు చీదుకున్నాడు. టైలరు టేపును వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి కూర్చున్నాడు.

చివర పేర్లు చదివారు. పిల్ల పాత్రధారి పేరు, రచయిత పేరు. ఆ తర్వాత 'తోడు పాత్రలో' అని ఆగి, ఇంటిపేరుతో సహా ఒక మనిషి పేరు చదివారు. ఆ పేరు నేను పెళ్ళిపత్రికలో తప్ప ఎక్కడా చూడలేదు. మా ఇంట్లో ఆమెను ఎవరూ అలా పిలవరు.

గదంతా గోలగోలైంది.

"మనిషా? ఆరేళ్ళుగా మనిషేనా?" అన్నాడు మందుల షాపాయన.

"నేను చెప్పలా" అంది కండక్టరమ్మ, ఎప్పుడూ చెప్పకపోయినా. "ఎవరో మహాతల్లి. ఏ ఊళ్ళో ఉందో ఏమో. కనపడితే కాళ్ళకు దణ్ణం పెడతాను."

పెదనాన్న పైకప్పు వైపు చూస్తున్నాడు. ఎవరికీ చెప్పొద్దని ఆయన దగ్గర మాట తీసుకున్నది పెద్దమ్మే. చెప్పాల్సింది ఆవిడే అని ఆగాడు.

పెద్దమ్మ కొంగు సర్దుకుంది. ఏదో చెప్పడానికి నోరు తెరిచి, అలవాటుగా ముందు ఊపిరి తీసుకుంది.

చివర సన్నటి ఈల.

ముందు కండక్టరమ్మ తిరిగింది. తర్వాత మాస్టారు, టైలరు, మందుల షాపాయన. గదిలో ముప్ఫై నాలుగు తలలూ ఆ ఒక్క కుర్చీ వైపు తిరిగాయి. పెద్దమ్మ ఏమీ చెప్పకముందే అందరికీ తెలిసిపోయింది.